ముందు వరండా చెక్క మెట్లు చీకిపోయాయి, పలకలు మారిస్తే సరిపోతుందా?

రాలీ_రాఘవ · అక్టోబర్ 12

అందరికీ నమస్కారం. మాది నార్త్ కెరొలినాలో రాలీ దగ్గర, ఇల్లు 1996లో కట్టింది, మేం కొని నాలుగేళ్ళు. ముందు వరండాకి చెక్క మెట్లు, ఐదు. మొన్న శనివారం పొద్దున చెత్త డబ్బా పట్టుకుని దిగుతుంటే కింద నుంచి రెండో మెట్టు పలక కుంగి మధ్యకి విరిగింది, చీలమండ దాకా కాలు లోపలికి దిగిపోయింది. చర్మం గీసుకుపోయింది తప్ప పెద్ద దెబ్బ కాదు. కానీ అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు, మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల, డిసెంబర్ మొదటి వారంలో అత్తయ్యగారు పురిటికి వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి బరువంతా ఒక కాలి మీద వేసి దిగుతారు. ఆ పడింది నేను కాబట్టి సరిపోయింది.

విరిగిన పలక చూస్తే పైన పెయింట్ బాగానే ఉంది, లోపల మాత్రం తడిసిన రొట్టెలా పొడి పొడిగా రాలుతోంది. పక్క మెట్టు కూడా కాస్త మెత్తగా ఉంది. రెండు పలకలు మార్చేస్తే సరిపోతుందా? ఆఫీసులో ఒకాయన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి నింపెయ్, గట్టిపడుతుంది అన్నాడు. ఇంట్లో డ్రిల్లు, చేతి రంపం ఉన్నాయి, అద్దెకి సర్క్యులర్ రంపం తెచ్చుకోగలను. ఇంతకుముందు ఒక బుక్ షెల్ఫ్ చేశాను, అంతే అనుభవం.

వరంగల్_వేణు · అక్టోబర్ 12

అన్నా ముందుగాల్ల ఆ మెట్లు బంద్ పెట్టు. రెండు దిక్కులా తాడు కట్టు, గరాజ్ లోపలికెళ్ళే తొవ్వ వాడుకోండ్రి. వదిన ఆ మెట్ల మీద కాలు పెట్టొద్దు, ఒక్కసారి గూడ. డెలివరీ బాయ్‌లు వస్తరు గదా, వాళ్ళకి కనపడేటట్టు ఒక కాగితం గూడ అంటించు. తర్వాత నిమ్మళంగ రిపేర్ సంగతి చూద్దాం.

హోమ్‌చెక్_కిరణ్ · అక్టోబర్ 13

నేను ఇక్కడ ఇళ్ళ ఇన్‌స్పెక్షన్ చేస్తుంటాను. రాఘవ గారూ, ఆ పలక ఎందుకు చీకిందో తెలుసుకోకుండా పలక మారిస్తే మూడేళ్ళకి మళ్ళీ ఇదే పోస్టు పెడతారు. పలక అనేది పైన కనపడేది. దాన్ని మోసేవి స్ట్రింగర్లు, అంటే మెట్ల ఆకారంలో పళ్ళు కోసి వాలుగా నిలబెట్టిన దూలాలు. పలక విరిగితే కాలు గీసుకుంటుంది, స్ట్రింగర్ విరిగితే మెట్లకి మెట్లే కింద కూర్చుంటాయి, మనిషితో సహా.

రేపు వెలుతురు ఉండగా ఒక మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకోండి. నాలుగు చోట్ల గుచ్చి చూడాలి. స్ట్రింగర్ నేలకి తగిలే అడుగు భాగం, పలక కూర్చునే ప్రతి పంటి మూల, మేకుల చుట్టూ, పైన ఇంటికి అతుక్కున్న చోటు. గట్టి కర్ర అయితే మొన దిగదు, బలవంతంగా లేపితే పొడవాటి పీచు లేస్తుంది. చీకిన కర్ర అయితే మొన వెన్నలో దిగినట్టు దిగుతుంది, లేపితే పొట్టిగా తుంపులు తుంపులుగా విరిగి వస్తుంది. పెయింట్ చూసి మోసపోకండి, పెయింట్ పొర లోపల నీళ్ళని బయటికి పోనివ్వదు, అందుకే పైన మెరుస్తూ లోపల డొల్ల అవుతుంది.

చాలామంది దీన్ని డ్రై రాట్, అంటే పొడి చీకు అంటారు, ఆ మాటే తప్పుదారి పట్టిస్తుంది, పొడి కర్ర చీకదు. చీకబెట్టేది బూజు జాతి, దానికి తడి కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంచగలిగితే దాని పని సాగదు. కాబట్టి అసలు వెతకాల్సింది నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి అన్నది.

టాంపా_పద్మ · అక్టోబర్ 13

ఎపాక్సీ గురించి నా అనుభవం చెప్తాను. మా కిటికీ గుమ్మం అడుగున చీకిన చోట చెక్కేసి ముందు పల్చటి గట్టిపరిచే ద్రవం పట్టించి, తర్వాత ఎపాక్సీ ముద్ద నింపి, ఇసుక కాగితం కొట్టి పెయింట్ వేశాను, ఆరేళ్ళయింది చెక్కుచెదరలేదు. కానీ అది బరువు మొయ్యని చోటు. కాళ్ళు వేసే పలకకీ స్ట్రింగర్‌కీ ఎపాక్సీ వద్దండి. మనిషి బరువుకి కర్ర వంగుతుంది లేస్తుంది, ముద్ద వంగదు, అంచు వెంట విడిపోతుంది, ఆ సందులోకి నీళ్ళు దిగి ఇంకా లోపల చీకుతుంది. రెయిలింగ్ మీద అలంకారానికి పెట్టిన ముక్కలకైతే బాగుంటుంది.

రాలీ_రాఘవ · అక్టోబర్ 14

కిరణ్ గారు చెప్పినట్టే గుచ్చి చూశాను. చూశాక గుండె జారిపోయింది.

స్ట్రింగర్లు మూడు, వాటి మధ్య 24 అంగుళాల దూరం. మధ్యది అడుగున ఏడు అంగుళాల మేర లేనే లేదు, నేను చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది, అంటే ఇన్నాళ్ళూ అది గాల్లో వేలాడుతోంది. ఎడమది బయట నుంచి కొత్తదానిలా ఉంది, లోపలి వైపు మాత్రం స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. కుడిది కాస్త నయం. మూడింటి అడుగులూ మట్టిలో మూడు అంగుళాలు కూరుకుపోయి ఉన్నాయి, దాని మీద నేనే ప్రతి వసంతంలో మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్క పొట్టు) పోస్తున్నాను. గట్టర్ (చూరు నీళ్ళు పట్టే తొట్టి) నీళ్ళ గొట్టం సరిగ్గా ఎడమ స్ట్రింగర్ పక్కనే వదులుతోంది. పైన వరండా దూలానికి ఒట్టి మేకులతో కొట్టేశారు, హ్యాంగర్లు (కర్రని పట్టి ఉంచే ఇనుప బిగింపులు) లేవు, వెనక నీళ్ళు దిగకుండా పెట్టే రేకు లేదు.

ఇంకోటి, ఎడమ స్ట్రింగర్ మీద పెన్సిల్ లావు మట్టి గీతలు పైకి పాకి ఉన్నాయి. చెదలేనా?

హోమ్‌చెక్_కిరణ్ · అక్టోబర్ 14

ఆ గీతలు చెదలు వేసుకునే దారులే. మధ్యలో ఒక అంగుళం గీకేసి వదిలెయ్యండి. లోపల తెల్ల పురుగులు కనపడినా, నాలుగైదు రోజుల్లో ఆ ఖాళీ మళ్ళీ పూడినా చెదలు ఇంకా ఉన్నట్టు. ఎండిపోయి రాలితే పాతవి అయ్యుండొచ్చు. ఎలా ఉన్నా చెదల వాళ్ళని పిలిచి ఇంటి పునాది చుట్టూ చూపించండి, మీ వైపు నేల చెదలు మామూలే. మెట్లు ఇంటికి అతుక్కుని ఉంటాయి కాబట్టి అవి చెదలకి నిచ్చెనలా పనికొస్తాయి.

మీ పరిస్థితిలో పలకలు మార్చడం అన్న మాటే లేదు. మొత్తం విప్పి కొత్తగా కట్టడమే.

ఆస్టిన్_అనంత · అక్టోబర్ 14

మా అనంతపురంలో తలుపులకీ దూలాలకీ బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్ళు, చెద దగ్గరికి రాదు. కొత్త కర్ర పెట్టాక అడుగున అది పూస్తే ఖర్చు లేకుండా అయిపోతుంది కదా.

టాంపా_పద్మ · అక్టోబర్ 14

అనంత గారూ మా ఊళ్ళో కూడా పూసేవారు, కొందరు జీడిపిక్కల నూనె వాడేవారు. కానీ ఇక్కడ అది వద్దు. వాడిన ఆయిల్‌లో లోహాలు, కాలిన మడ్డి ఉంటాయి, వానకి మట్టిలోకి దిగుతుంది, ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోంది, ఇంకో ఏడాదికి అదే నేల మీద పాకుతుంది. మెట్ల మీద జారుడు కూడా. కోసిన చివరలకి కాపర్ నాఫ్తనేట్ అని డబ్బాలో అమ్ముతారు, ఆకుపచ్చ ద్రవం, బ్రష్‌తో పూసెయ్యడమే. ప్రెషర్ ట్రీటెడ్ కర్రలో (చీకకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కర్ర) మందు లోపలి దాకా పోదు, కోసినప్పుడు మందు లేని మధ్య భాగం బయట పడుతుంది, అందుకే కోసిన ప్రతి చోటా ఇది పూయాలి. చాలామంది వదిలేసే పని ఇదే.

రాజోలు_మనవడు · అక్టోబర్ 15

మా తాతగారు వడ్రంగి, రాజోలు చుట్టుపక్కల పాత మండువా ఇళ్ళ పనులు చేసేవారు. ఆయన దగ్గర విన్న మాట ఒకటుంది, కర్ర నేలని ముట్టుకోకూడదు. కోనసీమలో ఎంత వాన పడుతుందో, గోదారి వరదొస్తే ఎలా ఉంటుందో తెలుసుగా, అయినా ఆ ఇళ్ళ స్తంభాలు కొన్ని తరాలు నిలబడ్డాయి. ఎలాగంటే ప్రతి టేకు స్తంభం కిందా రాతి దిమ్మ ఉంటుంది, మట్టికి ఒక జానెడు పైన మొదలవుతుంది కర్ర. రాయి తడుస్తుంది ఆరుతుంది, కర్ర దాకా తడి ఎక్కదు. కర్ర అడ్డంగా కోసిన తలలోంచే నీళ్ళు తాగుతుంది, పక్కల నుంచి తాగేది చాలా తక్కువ, మన నోటితో స్ట్రాలోంచి తాగినట్టు నిలువు పీచు వెంట పైకి లాగుతుంది. మీ స్ట్రింగర్ల అడుగు సరిగ్గా ఆ కోసిన తలే, దాన్ని మట్టిలో పాతేశారు, పైన మల్చ్ కప్పారు, పక్కన గట్టర్ నీళ్ళు.

ఇంకో సంగతి, తాతగారు కర్ర కొనేటప్పుడు చేవ చూసేవారు, పైన తెల్లగా ఉండే భాగం చెక్కేసి లోపలి ఎర్ర చేవ మాత్రమే దూలానికి వాడేవారు. ఇక్కడ దొరికే సదరన్ పైన్ తొందరగా పెరిగే చెట్టు, చాలా మటుకు తెల్ల భాగమే. దాని బలం మందులో ఉంది తప్ప చేవలో లేదు. అందుకని మందు ఎంత పట్టించారో చూసి కొనాలి. పలక చివర స్టేపుల్ చేసిన చిన్న ప్లాస్టిక్ చీటీ ఉంటుంది, దాని మీద గ్రౌండ్ కాంటాక్ట్ అని, యూసీ4ఏ అని ఉందేమో చూడండి. యూసీ3బీ అని ఉంటే అది నేలకి దూరంగా వాడటానికి. రెండూ ఒకే దొంతరలో కలిసిపోయి ఉంటాయి, ఒక్కోటీ తిప్పి చూడాలి.

నోవై_శ్రీధర్ · అక్టోబర్ 15

నేనైతే చెక్క తీసేయించి కాంక్రీట్ మెట్లు పోయించా. మిషిగన్‌లో నేల గడ్డకట్టే లోతు 42 అంగుళాలు, పునాది అంత లోతు తీశారు, ఖర్చు బాగానే అయింది కానీ చీకే బాధ లేదు. రాలీలో చలి తక్కువ కాబట్టి మీకు అంత తవ్వకం ఉండదు. ఆలోచించండి.

రాలీ_రాఘవ · అక్టోబర్ 16

శ్రీధర్ గారూ ఆలోచించాను, కానీ కాంక్రీట్ వాళ్ళు జనవరి దాకా ఖాళీ లేదంటున్నారు, అత్తయ్యగారు వచ్చేది డిసెంబర్‌లో. చెక్క పని చేసే ఇద్దర్ని పిలిచాను. ఒకాయన 3,800 డాలర్లు అన్నాడు. ఇంకొకాయన 2,400, కానీ ఆయన స్ట్రింగర్లు అలాగే ఉంచి పక్కన ముక్కలు కొట్టి పైన కొత్త పలకలు వేస్తానన్నాడు, నేలలో పాతడం గురించి అడిగితే అందరూ ఇలాగే చేస్తారు అన్నాడు. మీరందరూ చెప్పింది చదివాక ఆయనకి ఒప్పుకోలేకపోయాను. నేనే చేద్దామనుకుంటున్నా, మా తమ్ముడు శార్లట్ నుంచి రెండు వీకెండ్లు వస్తానన్నాడు. కొలతలే భయం.

ఎడిసన్_లక్ష్మి · అక్టోబర్ 16

భయపడక్కర్లేదు రాఘవ గారూ, నేనూ మావారూ రెండేళ్ళ కిందట వెనక మెట్లు కట్టుకున్నాం. లెక్క ఒక్కసారి అర్థమైతే మిగతాది ఓపిక.

ముందు మొత్తం ఎత్తు కొలవండి, కింద మెట్లు ఆనబోయే గట్టి నేల నుంచి వరండా ఫ్లోర్ పైభాగం దాకా. దాన్ని 7¾తో భాగించి వచ్చినదాన్ని పై అంకెకి తీసుకెళ్ళండి, అన్ని ఎత్తులు (ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కేది ఒక ఎత్తు) వస్తాయి. 7¾ అంగుళాలు అనేది సాధారణ ఇళ్ళ కోడ్‌లో (కట్టడపు నియమాల్లో) ఒక్కో మెట్టుకి గరిష్ఠ ఎత్తు, కాలు పెట్టే లోతు కనీసం 10 అంగుళాలు. రాష్ట్రాన్ని బట్టి ఇవి కొంచెం మారతాయి కానీ పెద్దవాళ్ళు ఎక్కే మెట్లకి ఎత్తు ఎంత తక్కువుంటే అంత మంచిది. అతి ముఖ్యమైంది, మెట్టుకీ మెట్టుకీ తేడా ⅜ అంగుళం దాటకూడదు. మన కాలు మొదటి రెండు మెట్లకే ఎత్తు గుర్తు పెట్టేసుకుంటుంది, తర్వాత కళ్ళు చూడవు. ఒక్క మెట్టు అరంగుళం తేడా ఉన్నా తన్నుకుంటాం.

మేం చేసిన తప్పు చెప్తాను. స్ట్రింగర్ మీద అన్ని పళ్ళూ సమానంగా కోశాం, కింద నిలబెట్టి పలకలు కొట్టాం. మొదటి మెట్టు ఒక అంగుళం ఎక్కువ ఎత్తు, చివరిది ఒక అంగుళం తక్కువ. ఎందుకంటే పలక మందం మొదటి మెట్టుకి కలుస్తుంది, పైన వరండాకి కలవదు. మా అమ్మ రెండో రోజే పై మెట్టు దగ్గర తూలింది, రెయిలింగ్ ఉండబట్టి ఆగింది. మొత్తం ఊడదీసి స్ట్రింగర్ల అడుగు పలక మందం అంత కోసి మళ్ళీ పెట్టాం. మీరు మొదటే కొయ్యండి.

రాలీ_రాఘవ · అక్టోబర్ 18

లక్ష్మి గారూ చాలా థాంక్స్. కొలిచాను. కింద కాంక్రీట్ పలక పోద్దామనుకుంటున్నా, దాని పైభాగం నుంచి వరండా దాకా 42 అంగుళాలు. 42ని 7¾తో భాగిస్తే 5.4, అంటే 6 ఎత్తులు, ఒక్కోటి 7 అంగుళాలు, మెట్లు 5, ఆరో ఎత్తు ఎక్కితే వరండానే. ఒక్కో మెట్టుకి ఫైవ్ క్వార్టర్ పలకలు (పేరుకి అంగుళంపావు మందం) రెండేసి వేస్తే, ఒక్కోటి అసలు వెడల్పు 5½, మధ్యలో చిన్న సందుతో 11 పైన వస్తుంది, ముందుకి ఒక ముప్పావు అంగుళం పైచిలుకు బయటికి వచ్చేలా స్ట్రింగర్ మీద లోతు 10¼ పెట్టుకున్నా. సరేనా? పలక మందం 1 అంగుళం, కాబట్టి అడుగు ఒక అంగుళం కోసెయ్యాలి.

ఎడిసన్_లక్ష్మి · అక్టోబర్ 18

లెక్క సరిగ్గా ఉంది. స్ట్రింగర్‌కి వాడే 2 బై 12 కర్ర (పేరుకి 2 అంగుళాల మందం, 12 వెడల్పు) అసలు వెడల్పు 11¼, మీ పంటి లోతు 5¾ దాకా పోతుంది, కింద దాదాపు 5½ అంగుళాల కర్ర మిగులుతుంది. పళ్ళు కోశాక మిగిలేది 5 అంగుళాలకి తగ్గకూడదు, మీకు ఉంది. మెట్ల వెడల్పు ఎంత?

రాలీ_రాఘవ · అక్టోబర్ 18

నాలుగు అడుగులు.

హోమ్‌చెక్_కిరణ్ · అక్టోబర్ 18

అయితే స్ట్రింగర్లు నాలుగు కావాలి, మూడు కాదు. ఫైవ్ క్వార్టర్ పలకకి ఆధారాల మధ్య 16 అంగుళాలు దాటకూడదు, మీ పాతవి 24, అందుకే పలక మధ్యలో అంత ఊగి విరిగింది. మీరు ఎప్పుడైనా కాంపోజిట్ పలకలు (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) వెయ్యాలనుకుంటే అవి ఇంకా మెత్తన, మెట్లకి చాలా కంపెనీలు 12 అంగుళాలు లేదా ఇంకా తక్కువ అడుగుతాయి, వాళ్ళ కాగితం చదివి కొనండి.

రంపం విషయంలో ఒక మాట. సర్క్యులర్ రంపంతో పంటి మూల దాకా కోసెయ్యకండి. పైన గీత దగ్గర ఆగినట్టు కనపడుతుంది కానీ గుండ్రటి బ్లేడు ఒకవైపు ఎక్కువ లోపలికి పోతుంది, ఆ గాటు దగ్గరే తర్వాత చీలిక మొదలవుతుంది. గీతకి అరంగుళం ముందు ఆపి మిగతాది చేతి రంపంతో తెంపండి. ఒకటి కోసి, నిలబెట్టి చూసి, అది సరిపోయాకే దాన్నే అచ్చుగా పెట్టి మిగతా మూడు గీయండి.

మేకులు, స్క్రూల సంగతి. ఇప్పటి ట్రీటెడ్ కర్రలో రాగి ఎక్కువ, మామూలు ఇనుముని తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) లేదా స్టెయిన్‌లెస్ మాత్రమే. గోడలకి వాడే నల్ల డ్రైవాల్ స్క్రూలు అసలొద్దు, పెళుసు, ఒక్క కుదుపుకి తల తెగుతుంది. పైన మేకులతో సరిపెట్టకుండా వాలుకి వంచుకునే స్ట్రింగర్ కనెక్టర్లు దొరుకుతాయి, ప్రతి రంధ్రంలో మేకు పడాలి. ఆ పై దూలం వెనక నీళ్ళు దిగకుండా రేకు పెట్టండి, అల్యూమినియం వద్దు, రాగి ఉన్న కర్రకి తగిలితే అది తూట్లు పడుతుంది, వినైల్ పెట్టండి.

వరంగల్_వేణు · అక్టోబర్ 18

తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యి అన్నా, పైసలు తీస్కోరు. వాళ్ళొచ్చి గ్యాస్ పైపు పసుపు రంగు, కరెంటు ఎరుపు, నీళ్ళు నీలం అట్ల గీతలు గీసి పోతరు. కొన్ని రోజులు ముందుగాల్ల చెప్పాలె. మా కాలనీలో ఒకాయన చెట్టు నాటుదామని తవ్వి ఇంటర్నెట్ వైరు తెంపిండు. పర్మిట్ గూడ అడుగు, మెట్లు మొత్తం కొత్తగ కడుతున్నవ్ గద.

రాలీ_రాఘవ · అక్టోబర్ 21

811 వాళ్ళకి చెప్పాను. పర్మిట్ కూడా తీసుకున్నాను, ఒక పేజీ మీద బొమ్మ గీసి ఇచ్చాను, లక్ష్మి గారి లెక్కలే అందులో ఉన్నాయి. చెదల ఆయన వచ్చి చూశాడు, గీకిన చోట మళ్ళీ పూడలేదు, ఇంటి పునాది దగ్గర ఏమీ లేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఒక ప్రశ్న, పాత కర్ర చాలా ఉంటుంది. కుడి స్ట్రింగర్, పాత రెయిలింగ్ గట్టిగానే ఉన్నాయి. దాచిపెట్టి జనవరిలో భోగికి వెనక ఫైర్‌పిట్‌లో వేద్దామనుకుంటున్నా, ఇక్కడ పది కుటుంబాల పిల్లలు వస్తారు, ఏటా కట్టెలు కొంటున్నాం. పాత సామాను భోగి మంటలో వెయ్యడం మన పద్ధతే కదా.

హోమ్‌చెక్_కిరణ్ · అక్టోబర్ 21

వద్దు వద్దు. మీ ఇల్లు 1996 అన్నారు. 2003 చివరి దాకా ఇళ్ళకి వచ్చిన ట్రీటెడ్ కర్ర ఎక్కువ భాగం సీసీఏ, అంటే క్రోమియం, రాగి, ఆర్సెనిక్. 2003 డిసెంబర్ 31తో ఇళ్ళ వాడకానికి తయారీ ఆపేశారు. కర్రగా ఉన్నంతసేపూ ఆర్సెనిక్ చాలావరకు అందులోనే కట్టుబడి ఉంటుంది, కాలిస్తే పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. బూడిదలో మరీ ఎక్కువ. పిల్లలు ఆ మంట చుట్టూ తిరుగుతారు, ఆ బూడిద బొట్టు పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. కొత్త ట్రీటెడ్ కర్ర ముక్కలూ కాల్చకూడదు. అంతా కౌంటీ చెత్త కేంద్రానికి తీసుకెళ్ళి ట్రీటెడ్ కర్ర అని చెప్పి ఇవ్వండి, అది మల్చ్ చేసే కుప్పలోకి పోకూడదు.

విప్పేటప్పుడు, కోసేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు, గ్లవ్స్. రంపపు పొడి కింద టార్ప్ పరచండి. ఆ బట్టలు వేరేగా ఉతకండి.

ఎడిసన్_లక్ష్మి · అక్టోబర్ 21

దీనికి నేను ఒకటి కలుపుతాను, ఇది చదివేవాళ్ళలో పాత ఇళ్ళవాళ్ళు ఉంటే. 1978కి ముందు ఇల్లయితే పెయింట్‌లో సీసం ఉండొచ్చు. మా మొదటి ఇల్లు 1920ల నాటిది, వరండా గీకే ముందు పరీక్ష కిట్ పెడితే సీసం అని తేలింది, ఆ పని మేం చేసుకోలేదు, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఇచ్చాం. చంటిపిల్లలున్న ఇల్లు.

రాలీ_రాఘవ · అక్టోబర్ 21

అడగడం మంచిదైంది. ఆ కర్ర ఒక్క ముక్క కూడా ఇంట్లో ఉంచను. మా అమ్మ ప్రతి భోగికీ బూడిద బొట్టు పెడుతుంది పిల్లలకి.

రాలీ_రాఘవ · నవంబర్ 3

మొదటి వీకెండ్ రిపోర్ట్. పాత మెట్లు విప్పడం అరగంటలో అయిపోయింది, అంటే అవి ఎంత బలహీనంగా ఉన్నాయో అర్థం చేసుకోండి, కొన్ని మేకులు చేత్తో వచ్చాయి. వరండాకి దాని సొంత స్తంభాలు ఉన్నాయి కాబట్టి ఆధారం పెట్టాల్సిన పని రాలేదు. వెనక దూలం పైన రెండు అంగుళాలు నల్లబడింది కానీ గుచ్చితే గట్టిగా ఉంది, రెండు రోజులు ఎండనిచ్చి కాపర్ నాఫ్తనేట్ పూసి వినైల్ రేకు పెట్టాం.

కింద మట్టి ఆరంగుళాలు తీసి కంకర వేసి దిమ్మిస కొట్టి, నాలుగున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల పొడవు, నాలుగు అంగుళాల మందం కాంక్రీట్ పలక పోశాం. 80 పౌండ్ల సంచులు ఎనిమిది పట్టాయి. ఇంటి నుంచి బయటికి కొంచెం వాలు ఇచ్చాం, అడుగుకి పావు అంగుళం. గట్టర్ గొట్టానికి పొడిగింపు పెట్టి నీళ్ళు మెట్లకి పది అడుగుల అవతల వదిలేలా చేశాను, ఈ పనికి పాతిక డాలర్లు కూడా కాలేదు. ఇది నాలుగేళ్ళ కిందట చేసుంటే ఎడమ స్ట్రింగర్ బతికుండేదేమో.

రాజోలు_మనవడు · నవంబర్ 3

బాగుంది. ఇప్పుడు ఆ కాంక్రీట్ మీద కూడా కర్ర నేరుగా ఆనకుండా చూడండి, కాంక్రీట్ కూడా తడి లాగుతుంది. రాతి దిమ్మ మీద కూడా మా వాళ్ళు కర్ర తల కింద నీళ్ళు నిలవకుండా చూసేవారు. ఇక్కడైతే స్ట్రింగర్ కింద ప్లాస్టిక్ షిమ్ ముక్కలు పెట్టి అర అంగుళం ఎత్తండి, ఆ అర అంగుళం లెక్కలో తీసెయ్యడం మర్చిపోవద్దు.

రాలీ_రాఘవ · నవంబర్ 3

మంచి సమయానికి చెప్పారు, ఇంకా కొయ్యలేదు. అయితే అడుగున పలక మందం 1, షిమ్ ½, మొత్తం 1½ అంగుళాలు కోస్తాను.

ఇంకో అనుమానం, రెయిలింగ్ మీద 2 బై 4 పడుకోబెట్టి పెడితే చాలా? పాతది అలాగే ఉండేది.

టాంపా_పద్మ · నవంబర్ 4

చాలదండి. పెద్దవాళ్ళు జారితే పట్టుకునేది గుప్పిట్లో ఇమడాలి. వెడల్పు పలక మీద చెయ్యి ఆనుతుంది కానీ వేళ్ళు చుట్టుకోవు, పడేటప్పుడు చెయ్యి జారిపోతుంది. గుండ్రటి కడ్డీ పెట్టండి, 1¼ నుంచి 2 అంగుళాల మందం, మెట్టు ముందు అంచు నుంచి 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో, మొదటి మెట్టు నుంచి చివరి దాకా తెగకుండా. నాలుగు ఎత్తులు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఒక పక్కైనా తప్పనిసరి, మీ అత్తయ్యగారి కోసం రెండు పక్కలా పెట్టండి, ఎక్కేటప్పుడు నొప్పి ఉన్న కాలు ఒకటి దిగేటప్పుడు ఇంకొకటి, ఏ చెయ్యి కావాలో ఆవిడకే తెలుసు. నిలువు కడ్డీల మధ్య నాలుగు అంగుళాలు దాటనివ్వకండి, పిల్లల తల దూరకూడదు. మెట్ల వెనక ఖాళీలు కూడా పలకతో మూసెయ్యండి.

రాలీ_రాఘవ · నవంబర్ 17

కట్టేశాం. రెండో వీకెండ్ సరిపోలేదు, తమ్ముడు సోమవారం సెలవు పెట్టి ఉండిపోయాడు. చీటీలు తిప్పి చూసి గ్రౌండ్ కాంటాక్ట్ కర్రలు ఏరడానికే షాపులో గంటన్నర పట్టింది, వంకర లేనివి దొరకాలి కదా. మొదటి స్ట్రింగర్ అట్టముక్క మీద గీసి, తర్వాత కర్ర మీద, నిలబెట్టి లెవెల్ పెట్టి చూస్తే అన్నీ 7 అంగుళాలే, ఒక్క చోట పదహారో వంతు తేడా. కోసిన ప్రతి మూలా ఆకుపచ్చ మందు రెండు పూతలు. రెయిలింగ్‌తో కలిపి సామానుకి 640 డాలర్లు అయింది, రంపం అద్దె వేరే. మొన్న ఇన్‌స్పెక్షన్ ఆయన వచ్చి టేపు పెట్టి కొలిచి, రెయిలింగ్ పట్టుకుని గట్టిగా ఊపి, సంతకం పెట్టి వెళ్ళాడు.

పెయింట్ ఎప్పుడు వెయ్యొచ్చు? మా ఆవిడ బారసాల లోపు తెల్లగా కావాలంటోంది.

హోమ్‌చెక్_కిరణ్ · నవంబర్ 17

అభినందనలు. పెయింట్‌కి తొందరపడకండి. కొత్త ట్రీటెడ్ కర్ర నీళ్ళతో నిండి వస్తుంది, ఇప్పుడు పెయింట్ వేస్తే ఆ తడిని లోపల బిగించినట్టే, మీ పాత పలకకి జరిగింది అదే. కొన్ని వారాలో నెలలో పడుతుంది. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, పూసల్లా నిలబడితే ఇంకా ఆరలేదు, ఇంకిపోతే సిద్ధం. తేమ కొలిచే మీటర్ కొనుక్కుంటే ఇంకా మంచిది, 30 డాలర్లకి వస్తుంది. కాళ్ళు పడే చోట పెయింట్ కంటే నీళ్ళని తోసే స్టెయిన్ మంచిది, పొరలుగా ఊడదు.

వరంగల్_వేణు · డిసెంబర్ 9

అన్నా, అత్తమ్మ వచ్చిండ్రా?

రాలీ_రాఘవ · డిసెంబర్ 10

వచ్చారు వేణూ, శుక్రవారం రాత్రి. కారు దిగి మెట్ల దగ్గర అలవాటుగా ఆగి నా చెయ్యి కోసం చూశారు, తర్వాత రెండు పక్కలా కడ్డీలు చూసి రెండు చేతులతో పట్టుకుని ఒక్కో మెట్టూ వాళ్ళంతట వాళ్ళే ఎక్కారు. పైకెక్కాక మళ్ళీ వెనక్కి తిరిగి కింద చూసి, ఎత్తు తక్కువ పెట్టావు బాబూ అన్నారు. రోజూ పొద్దున్నే కింద కాంక్రీట్ పలక మీద ముగ్గు పెడుతున్నారు, నాలుగు రోజుల నుంచీ.

నిన్న రాత్రంతా వాన. పొద్దున లేచి మెట్ల కిందకి టార్చి వేసి చూశాను, పలక అంచున ఆరిపోయిన మరకలే తప్ప నీళ్ళు నిలవలేదు. మీటర్ పెడితే తేమ స్ట్రింగర్ అడుగున 19 శాతం, పై పలకలు 24. తెల్ల పెయింట్ లేదు అని మా ఆవిడకి చెప్పేశాను, మార్చిలో మళ్ళీ కొలిచి స్టెయిన్ వేస్తా. కాలనీ వాళ్ళ లిస్టులో ఉన్న బ్రౌన్ రంగుల్లో ఏది తీసుకోవాలో ఎవరైనా వాడినవాళ్ళుంటే చెప్పండి, ఎండ పడమర నుంచి నేరుగా పడుతుంది.